ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు బడి ఎంచుకోవడం ఎలా? గోదావరి జిల్లాల తల్లిదండ్రులకు

"సీట్లు అయిపోయాయండి." పిల్లాడిని చూడకముందు ఉన్న సీటు, చూశాక అయిపోతుంది. కొన్ని చోట్ల ఇంకాస్త మర్యాదగా చెబుతారు: "మా దగ్గర ఇలాంటి పిల్లలకి ఫెసిలిటీ లేదండి, మీ బాబే ఇబ్బంది పడతాడు." అమలాపురం అయినా, భీమవరం అయినా, తణుకు అయినా ఇదే మాట. ఆటిజం, డౌన్ సిండ్రోమ్, సెరిబ్రల్ పాల్సీ, వినికిడి లోపం, చూపు లోపం, చదవడం రాయడంలో ఇబ్బంది, ఏదున్నా సరే, ఈ మాట వినగానే చాలామంది తల్లిదండ్రులు తలూపి వచ్చేస్తారు. అలా రావద్దు. చేర్చుకోం అనేవాళ్ల చేత ఆ మాట కాగితం మీద రాయించుకోండి. రాయమంటే సగం మంది వెనక్కి తగ్గుతారు. రాసి ఇచ్చేవాళ్లు మీకు సాక్ష్యం ఇచ్చినట్టే.

ఇది ఎలా చేయాలో వరసగా చెబుతాను. అంతకంటే ముందు చట్టం ఏమంటోందో కాస్త తెలిసి ఉండాలి. లేకపోతే ఆఫీసు గదిలో గొంతు పెగలదు.

చట్టం మీకు ఇచ్చినవి

రెండు చట్టాలు గుర్తుపెట్టుకోండి. మొదటిది 2009 నాటి విద్యా హక్కు చట్టం. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల వరకు ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఇంటి దగ్గరి బడిలో ఉచితంగా చదువుకునే హక్కు ఇస్తుంది. రెండోది 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం. 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చింది. 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు ఈ ఉచిత విద్య ఆరేళ్ల నుంచి పద్నాలుగుతో ఆగదు, పద్దెనిమిదేళ్ల దాకా ఉంటుంది. అదీ "ఇంటి దగ్గరి బడిలో గానీ, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గానీ" అని 31వ సెక్షన్ చెబుతుంది. ఎంపిక మీదే అన్న మాట చట్టంలోనే ఉందన్నమాట.

అదే చట్టంలో 16వ సెక్షన్ ఇంకా ముఖ్యం. ప్రభుత్వం నిధులిచ్చే బడి అయినా, ప్రభుత్వ గుర్తింపు మాత్రమే ఉన్న ప్రైవేటు బడి అయినా, వివక్ష లేకుండా చేర్చుకోవాలి. భవనం అందరికీ అందుబాటులో ఉండాలి. పిల్లాడికి కావలసిన సర్దుబాట్లు చేయాలి. రవాణా సౌకర్యం కూడా అందులో ఉంది. ఎక్కువ సాయం అవసరమైన పిల్లలైతే వెంట వచ్చే మనిషికి కూడా. "మాది ప్రైవేటు అండీ, ఆ రూల్స్ మాకు వర్తించవు" అనేవాళ్లకు ఈ సెక్షన్ చూపించండి.

సర్టిఫికెట్ లేదని బడిలో చేర్చుకోకపోవడం కూడా కుదరదు. 40 శాతం లెక్క ఉచిత విద్య, స్కాలర్‌షిప్ లాంటి వాటికి కావాలి. వివక్ష చూపకూడదన్న నియమానికి ఆ శాతంతో పనిలేదు.

అలాగని రెండు చట్టాలూ అన్నిచోట్లా ఒకేలా వర్తించవు. 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం మైనారిటీ సంస్థలు నడిపే బడులు విద్యా హక్కు చట్టం కిందకు రావు. అక్కడ 25 శాతం సీట్ల మాట (దాని గురించి కింద చెబుతాను) ఎత్తినా లాభం లేదు. దివ్యాంగుల చట్టం 16వ సెక్షన్ మాట ఎత్తండి.

మొదటి పని: సదరం (వైకల్య ధ్రువపత్రం), యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు కార్డు)

సదరం అనగానే మనవాళ్లకు పింఛనే గుర్తొస్తుంది. నెలకు 6,000 రూపాయల పింఛను మంచిదే, కానీ ఆ కాగితం బడి పనికి కూడా అంతే అవసరం. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, ఉపకరణాలు, అలవెన్సులు అన్నీ దాని మీదే ఆధారపడతాయి.

మీ గ్రామ, వార్డు సచివాలయంలో గానీ మీసేవలో గానీ సదరం క్యాంపుకు స్లాట్ బుక్ చేయించుకోండి. పిల్లాడి ఆధార్, ఫోన్ నంబరు, ఇంతకుముందు చూపించుకున్న ఆసుపత్రి కాగితాలు తీసుకెళ్లండి. ఏ ఆసుపత్రిలో ఏ రోజు ఏ డాక్టరు ఉంటారన్నది స్లాట్‌లోనే తెలుస్తుంది. ఎముకల డాక్టరు ఉన్న రోజున ఆటిజం పిల్లాడిని తీసుకెళ్తే రోజంతా వృథా. సచివాలయంలో బుక్ చేసేటప్పుడే వైకల్యం రకం సరిగ్గా ఎంపిక చేశారో లేదో స్క్రీన్ వైపు తొంగి చూడండి. పొరపాటు ఎక్కువగా జరిగేది అక్కడే.

యూడీఐడీ కార్డు దేశమంతటా చెల్లుతుంది. రేపు మీ కుటుంబం పని కోసం హైదరాబాద్ వెళ్లినా, బెంగళూరు వెళ్లినా మళ్లీ మొదటి నుంచి తిరగక్కర్లేదు. చదవడం, రాయడం, లెక్కల్లో మాత్రమే ఇబ్బంది పడే పిల్లల విషయం వేరు. ఒకటో తరగతిలో దాని మీద తేల్చి చెప్పరు. మూడో తరగతికి, అంటే ఎనిమిదేళ్ల వయసుకు, బడిలోనే పరీక్షించి ఆసుపత్రికి పంపాలన్నది పద్ధతి. అప్పటిదాకా "బద్ధకం" అని కొట్టకుండా ఉంటే చాలు.

యానాంలో ఉండేవాళ్లకు ఒక మాట. మీరు ఉన్నది గోదావరి ఒడ్డునే అయినా పుదుచ్చేరి పాలనలో. కేంద్ర చట్టాలు రెండూ మీకూ వర్తిస్తాయి. సదరం, సచివాలయం లాంటి ఆంధ్రా ఏర్పాట్లు మీకు లేవు. యూడీఐడీకి మీ పాలనా విభాగం ద్వారానే వెళ్లాలి.

రెండో పని: పిల్లాడి గురించి ఒక్క పేజీ రాసుకోండి

డాక్టరు రిపోర్టు చూసి ఏ మేష్టారికీ పిల్లాడు అర్థం కాడు. "మోడరేట్ ఐడీ, ఆక్యూపేషనల్ థెరపీ అడ్వైజ్డ్" అని ఉంటే ఆయన ఏం చేయాలి? మీకు తెలిసింది తెలుగులో రాయండి. ఏం తింటాడు, తనంతట తాను తినగలడా, బాత్రూమ్ వస్తే ఎలా చెబుతాడు, ఏ శబ్దానికి భయపడతాడు, ఏడిస్తే ఏం చేస్తే ఊరుకుంటాడు, ఏ చెవి బాగా వినిపిస్తుంది, ఎంతసేపు కూర్చోగలడు, ఏ మందు ఏ టైముకి వేసుకోవాలి, ఏ పని బాగా చేస్తాడు. చివరిది మరిచిపోవద్దు. ఇవన్నీ లోపాల జాబితాలా ఉంటే చదివేవాళ్లకు పిల్లాడు బరువుగా కనిపిస్తాడు. "పాట వింటే రెండోసారికి పాడేస్తాడు", "కాలువలో చేపల పేర్లన్నీ చెబుతాడు" అని ఒక్క వాక్యం ఉంటే మనిషిలా కనిపిస్తాడు.

ఈ పేజీ మీకే ముందు ఉపయోగపడుతుంది. పిల్లాడికి నిజంగా కావలసింది ర్యాంపా, ప్రత్యేక టీచరా, వినికిడి పరికరమా, లేక ఓపికున్న మామూలు టీచరా అన్నది అది రాస్తుంటేనే తేలుతుంది.

మూడో పని: బడులు కళ్లారా చూడండి

బ్రోచర్లు, ఫ్లెక్సీలు పక్కన పెట్టండి. మూడు రకాల చోట్లు ఉన్నాయి. ఊళ్లోని మామూలు బడి, అది ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా. ప్రత్యేక పాఠశాల. తీవ్రమైన వైకల్యం, ఒకటి కంటే ఎక్కువ వైకల్యాలు ఉన్న పిల్లలకు ఇంటి దగ్గర చదువు. ఏది అన్నది మీరు తేల్చుకోవాలి. హెడ్ మాస్టారు కాదు, ఎంఈఓ (మండల విద్యాశాఖ అధికారి) కాదు, పెళ్లిలో కలిసిన మీ పెద్ద బావగారు అసలే కాదు.

నా అభిప్రాయం అడిగితే, మొదట మీ ఊరి బడిలోకే వెళ్లమంటాను. అక్కడి పిల్లలే రేపు వీడికి వీధిలో తోడు. చర్చి దగ్గరో, గుడి దగ్గరో, కిరాణా కొట్టు దగ్గరో పలకరించేది వాళ్లే. దూరం బడికి వెళ్లే పిల్లాడు ఊళ్లో ఎవరికీ తెలియకుండా పెరుగుతాడు. ప్రత్యేక పాఠశాల వద్దని కాదు. పుట్టు చెవుడు ఉండి సైగల భాషలోనే చదవాల్సిన పిల్లకు ఆ భాష వచ్చిన టీచరు లేని మామూలు బడి ఏ పనికీ రాదు. అలాంటప్పుడు ప్రత్యేక పాఠశాలే నయం.

మామూలు బడికి వెళ్లినప్పుడు బడి జరుగుతున్న వేళ వెళ్లండి. చూడాల్సినవి ఇవీ. బాత్రూమ్ తలుపు చక్రాల కుర్చీ పట్టేంత ఉందా, లోపల పట్టుకోవడానికి ఏమైనా ఉందా, నీళ్లు వస్తున్నాయా. ర్యాంప్ ఉంటే నిటారుగా ఉందా, ఏటవాలుగా ఉందా. చాలా బడుల్లో ర్యాంప్ ఉంటుంది కానీ అది ఎక్కాలంటే మామూలు పిల్లలకే ఆయాసం వస్తుంది. పిల్లాడి తరగతి మేడ మీద ఉంటే కిందికి మారుస్తారా అని అడగండి. మధ్యాహ్న భోజనం వేళ ఎవరు దగ్గరుంటారో అడగండి.

లంక గ్రామాల వాళ్లు, నది ఒడ్డు వాళ్లు ఇంకోటి చూసుకోవాలి. జూలై, ఆగస్టు నెలల్లో ధవళేశ్వరం దగ్గర పది లక్షల క్యూసెక్కులు దాటి మొదటి హెచ్చరిక వచ్చిందంటే కాజ్‌వేలు మునుగుతాయి. పంటు ఆగిపోతుంది, పడవ ఎక్కాలి. చక్రాల కుర్చీతో పడవ ఎక్కే పరిస్థితి మీకు తెలుసు. పైగా వరద వస్తే బడే పునరావాస కేంద్రం అవుతుంది. కాబట్టి నది అవతల బడి ఎంత మంచిదైనా, ఆ వారాల్లో పిల్లాడి సంగతి ఏమిటో ముందే మాట్లాడుకోండి. ఇంటికి వర్క్‌షీట్లు పంపుతారా, వరద అయ్యాక తప్పిన పాఠాలు ఎవరు చెబుతారు? ఏడాది మధ్యలో రోజూ అదే సమయానికి అదే దారిలో వెళ్లే అలవాటు ఒక్కసారిగా తెగిపోతే ఆటిజం పిల్లలు చాలా కలవరపడతారు. వరద తగ్గాక బడికి పంపడం మళ్లీ మొదటి రోజులాగే ఉంటుంది.

స్కూలు బస్సు విషయం కూడా. కాలువ గట్టు మీద ఇరవై ఊళ్లు తిరిగి వచ్చే బస్సులో పిల్లాడు ఎంతసేపు ఉండాలి? బస్సులో డ్రైవరు కాకుండా ఇంకో మనిషి ఉంటారా? ఫిట్స్ వచ్చే పిల్లాడైతే ఆ మనిషికి ఏం చేయాలో తెలుసా? ఇవి పట్టించుకోని బడి తరగతి గదిలో కూడా పట్టించుకోదు, నా మాట నమ్మండి.

టీచర్లను అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "ఇంతకుముందు ఇలాంటి పిల్లలు చదివారా? వాళ్లకి మీరేం చేశారు?" జవాబులో ఒక పిల్లాడి గురించిన వివరం వస్తే మంచి గుర్తు. "అందరినీ సమానంగానే చూస్తామండి" అంటే ఇంకొంచెం అడగండి. వినపడని పిల్లను అందరితో సమానంగా చివరి బెంచీలో కూర్చోబెడితే అది సమానత్వం కాదు కదా.

ప్రత్యేక పాఠశాల అయితే అడగాల్సినవి వేరు. దివ్యాంగుల చట్టం కింద ఆ సంస్థకు రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ సర్టిఫికెట్ చూపించమనండి. ప్రత్యేక టీచర్లకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు నంబరు ఉంటుంది, అది అడగండి. సిగ్గుపడక్కర్లేదు, సరైనవాళ్లు సంతోషంగానే చూపిస్తారు. ఇలాంటి పాఠశాలలు ఎక్కువగా కాకినాడ, రాజమహేంద్రవరం లాంటి ఊళ్లలోనే ఉంటాయి కాబట్టి అంతర్వేది, ఓడలరేవు వైపు వాళ్లకు ప్రత్యేక పాఠశాల అంటే హాస్టలే. మాట రాని పిల్లను హాస్టల్లో పెట్టే ముందు రెండుసార్లు ఆలోచించండి. పెట్టాల్సి వస్తే, చెప్పకుండా వెళ్లి చూసుకునే హక్కు మీకు ఉంటుందని ముందే రాయించుకోండి. దానికి ఒప్పుకోని చోట అసలు పెట్టవద్దు.

ఇక భవిత కేంద్రాలు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద మండలాల్లో నడుస్తాయి. అక్కడ సహిత విద్య (ఈ పిల్లలను మిగతా పిల్లలతో కలిపి చదివించడం) రిసోర్స్ పర్సన్లు ఉంటారు, ఫిజియోథెరపీ కూడా కొన్ని రోజుల్లో జరుగుతుంది. ఇది బడికి ప్రత్యామ్నాయం కాదని గమనించండి. "భవితకి వెళ్తున్నాడుగా, ఇక్కడ పేరెందుకు" అనే హెడ్ మాస్టర్లు ఉన్నారు. పేరు బడిలో ఉండాలి, భవిత అదనం. ఇంటి దగ్గర చదువు కూడా అంతే. అది తీవ్రమైన వైకల్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులు కోరుకుంటే ఇచ్చే సదుపాయం. బడి తన భారం దించుకోవడానికి మీ మీద రుద్దే పద్ధతి కాదు. మీరు కోరుకుంటే రిసోర్స్ పర్సన్ ఏ రోజుల్లో వస్తారో, ఏం నేర్పుతారో కాగితం మీద తీసుకోండి.

నాలుగో పని: దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి

ఇక్కడే ఎక్కువమంది జారిపోతారు. "వెళ్లి అడిగామండి, లేదన్నారు" అంటే ఎవరికీ ఫిర్యాదు చేయలేరు. అడిగినట్టు రుజువు కావాలి. తెల్ల కాగితం మీద ఇలా రాయండి:

"ప్రధానోపాధ్యాయులు గారికి. మా అమ్మాయిని ఈ విద్యా సంవత్సరం ఒకటో తరగతిలో చేర్చుకోవలసిందిగా కోరుతున్నాము. అమ్మాయి వయసు ఆరేళ్లు. ఎడమ కాలు, ఎడమ చేయి బలహీనంగా ఉన్నాయి. తరగతి కింది అంతస్తులో ఉండడం, బాత్రూమ్‌కి వెళ్లేటప్పుడు ఆయా సాయం, రాయడానికి కొంచెం ఎక్కువ సమయం కావాలి. దివ్యాంగుల హక్కుల చట్టం 2016, సెక్షన్ 16 ప్రకారం ఈ ఏర్పాట్లు చేయగలరు. ఏ కారణం వల్లనైనా చేర్చుకోలేకపోతే ఆ కారణం రాతపూర్వకంగా తెలియజేయగలరు."

రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకదాని మీద తేదీ, సంతకం, స్టాంపు వేయించుకోండి. వేయకపోతే గొడవ పడకుండా ఇంటికొచ్చి అదే కాగితాన్ని స్పీడ్ పోస్టులో పంపండి. పోస్టు రసీదే మీ రసీదు. ఫోన్లో వాట్సాప్ చేస్తే కూడా స్క్రీన్‌షాట్ ఉంచుకోండి.

కువైట్‌లోనో, దుబాయ్‌లోనో పని చేసుకుంటున్న అమ్మలు మన దగ్గర చాలామంది ఉన్నారు. పిల్లలు అమ్మమ్మ దగ్గరో మామ్మ దగ్గరో పెరుగుతుంటారు. "తల్లిదండ్రులు వచ్చి సంతకం పెట్టాలి" అని పంపేస్తే ఆ ముసలావిడ ఏం చేస్తుంది? విద్యా హక్కు చట్టంలో సంరక్షకులు అంటే పిల్లాడిని దగ్గర పెట్టుకుని చూసుకునేవాళ్లు కూడా. కోర్టు కాగితం తెమ్మనడానికి వీల్లేదు. అమ్మ నుంచి ఒక ఉత్తరం ఫోన్లో తెప్పించి జతచేస్తే మాట్లాడేవాళ్లకు నోరు మూతపడుతుంది.

చేరేటప్పుడు కొన్ని బడులు ఒక హామీ పత్రం మీద సంతకం అడుగుతాయి. "ఏం జరిగినా పాఠశాలది బాధ్యత కాదు", "పిల్లాడు మిగతావాళ్లకు ఇబ్బంది కలిగిస్తే టీసీ తీసుకుంటాము", "సహాయకురాలిని మా ఖర్చుతో పెట్టుకుంటాము". సంతకం పెట్టకండి. ఒప్పుకోకపోతే చేర్చుకోం అంటే, ఆ పత్రాన్ని ఫోటో తీసుకోండి. మీ ఫిర్యాదులో అంతకంటే మంచి సాక్ష్యం ఉండదు. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా చేర్చుకునేటప్పుడు పిల్లాడికి గానీ తల్లిదండ్రులకు గానీ పరీక్ష, ఇంటర్వ్యూ పెట్టడం కూడా నిషేధమే. మొదటిసారికి 25,000 రూపాయల దాకా, తర్వాత ప్రతిసారికీ 50,000 దాకా జరిమానా ఉంది.

ప్రైవేటులో 25 శాతం సీట్లు

ప్రైవేటు బడిలో ఫీజు కట్టలేని వాళ్లకు ఈ దారి ఉంది. విద్యా హక్కు చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఒకటో తరగతిలో పావు వంతు సీట్లు బలహీన, వెనుకబడిన వర్గాల పిల్లలకు ఇవ్వాలి. 2012 సవరణ తర్వాత దివ్యాంగ పిల్లలు కూడా ఇందులోకి వచ్చారు. మన రాష్ట్రంలో ఇది 2022-23 నుంచి అమలవుతోంది. ఆ పావు వంతులో అనాథలు, హెచ్ఐవీ బాధితుల పిల్లలు, దివ్యాంగులు కలిపి 5 శాతం, ఎస్సీలకు 10, ఎస్టీలకు 4, మిగతా పేద కుటుంబాలకు 6 శాతం అని పంచారు.

దరఖాస్తు పాఠశాల విద్యాశాఖ వెబ్‌సైట్‌లో. బడి తెరిచే ముందు నెలల్లో నోటిఫికేషన్ వస్తుంది, కొద్ది రోజులే తెరిచి ఉంటుంది. సచివాలయంలోని వెల్ఫేర్ అండ్ ఎడ్యుకేషన్ అసిస్టెంట్‌కు ముందే చెప్పి ఉంచండి. దివ్యాంగుల కోటాలో పెట్టాలంటే సదరం కాగితం తప్పనిసరి. ఈ సీటు వచ్చాక కూడా యూనిఫాం, బస్సు, "యాక్టివిటీ ఫీజు" పేరుతో అడుగుతారు. దేనికి, ఎంత అన్నది రాసి ఇమ్మని అడగండి, అప్పటికి కొన్ని అంశాలు మాయమవుతాయి.

కాదంటే ఎవరి దగ్గరికి

ఒకదాని తర్వాత ఒకటిగా వెళ్లండి, ఒకేసారి అందరికీ రాస్తే ఎవరూ పట్టించుకోరు.

మొదట మండల విద్యాశాఖ అధికారి. మీ దరఖాస్తు కాపీ, పోస్టు రసీదు, బడి ఇచ్చిన జవాబు ఉంటే అది జతచేసి ఇవ్వండి. అక్కడే సమగ్ర శిక్ష సహిత విద్య వాళ్లకు కూడా ఒక కాపీ. చాలా కేసులు ఇక్కడే ముగుస్తాయి, ఎంఈఓ ఒక ఫోను చేస్తే "సీటు దొరికిందండి" అంటారు.

కాకపోతే డీఈఓ (జిల్లా విద్యాశాఖ అధికారి), కలెక్టరేట్. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి కదా, పాత అలవాటుతో కోనసీమ వాళ్లు కాకినాడ బస్సెక్కకండి, ఇప్పుడు జిల్లా కేంద్రం అమలాపురం. నరసాపురం, పాలకొల్లు వాళ్లకు ఏలూరు బదులు భీమవరం. సోమవారాలు కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇస్తే నంబరు వస్తుంది. ఆ నంబరు చాలా విలువైనది. ఎందుకంటే సంబంధిత అధికారి జవాబు అప్‌లోడ్ చేసే దాకా అది మూతపడదు. ఫోన్లో చెప్పాలంటే 1100కి చేయవచ్చు. సమస్య పరిష్కారం కాకుండానే "పరిష్కారమైంది" అని మూసేస్తే మళ్లీ తెరవమని అడగండి. ఆ పని తరచూ చేయాల్సి వస్తుంది.

విద్యా హక్కు చట్టం కింద ఇచ్చిన ఫిర్యాదును స్థానిక అధికార సంస్థ మూడు నెలల్లో తేల్చాలి. తేల్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు వెళ్లవచ్చు. వైకల్యం కారణంగా నిరాకరించారన్న విషయమైతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు. ఆయనకు సివిల్ కోర్టుకు ఉన్న కొన్ని అధికారాలు ఉన్నాయి, మనుషుల్ని పిలిపించగలరు, కాగితాలు తెప్పించగలరు. దివ్యాంగుల చట్టం ఉల్లంఘించినందుకు మొదటిసారి 10,000 రూపాయల దాకా, తర్వాత 50,000 నుంచి 5 లక్షల దాకా జరిమానా ఉంది.

లాయరుకు డబ్బెక్కడిది అనుకోకండి. న్యాయ సేవాధికార సంస్థ దివ్యాంగులకు, పిల్లలకు, మహిళలకు ఉచితంగా లాయరును ఇస్తుంది. 15100కి ఫోన్ చేయండి. బడిలో పిల్లాడిని కొట్టారు, గదిలో పెట్టి తాళం వేశారు లాంటివైతే ఇన్ని మెట్లు ఎక్కక్కర్లేదు, వెంటనే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

టీచరు లేరు అని చెప్పి చేతులెత్తేసే ప్రభుత్వ బడులకు కూడా జవాబు ఉంది. ప్రాథమిక స్థాయిలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక ప్రత్యేక టీచరు, ఆపై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు అన్న నిష్పత్తి సుప్రీంకోర్టు 2021లో ఇచ్చిన తీర్పులో ఉంది. దాన్ని అమలు చేయడంలో భాగంగా మన రాష్ట్రం 2025లో 2,260 ప్రత్యేక ఉపాధ్యాయ పోస్టులు మంజూరు చేసింది. మీ మండలానికి ఎన్ని వచ్చాయి, ఎవరు పనిచేస్తున్నారు అన్నది సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజుల్లో చెప్పాలి. టీచరు లేరు కాబట్టి పిల్లాడిని చేర్చుకోం అనడం మాత్రం కుదరదు. టీచరును పెట్టాల్సింది వాళ్లే.

చేరాక

జూన్ నెలంతా బాగానే ఉంటుంది. దసరా సెలవులయ్యాక మెల్లగా మొదలవుతుంది. "మధ్యాహ్నం భోజనం కాగానే తీసుకెళ్లిపోండి", "ఇన్‌స్పెక్షన్ ఉంది, రేపు పంపొద్దు", "వార్షికోత్సవానికి వద్దు". ఒకసారి రెండుసార్లు సర్దుకోవచ్చు, అలవాటు కానివ్వద్దు. డైరీలో తేదీలు రాసి పెట్టుకోండి. ఎనిమిదో తరగతి పూర్తయ్యే దాకా ఏ పిల్లాడినీ బడి నుంచి తీసేయడానికి వీల్లేదు. టీసీ మీరు అడిగితేనే ఇవ్వాలి. మీరు బడి మార్చాలనుకుంటే అది కూడా మీ హక్కే. పాత బడి టీసీ ఆలస్యం చేసిందని కొత్త బడి చేర్చుకోకపోవడం చట్టవిరుద్ధం.

ప్రభుత్వ బడిలో పాఠశాల కమిటీ ఉంటుంది. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే. ఎన్నికలప్పుడు మీరు నిలబడండి. బాత్రూమ్ బాగు చేయించే తీర్మానం రాసేది ఆ గదిలోనే, మీరు గుమ్మం బయట నిలబడి అడిగినదానికి ఆ బలం ఉండదు. ఆడపిల్లలకు నెలకు 200 రూపాయల స్టైపెండ్, రవాణా, తోడు వచ్చేవాళ్లకు అలవెన్సు లాంటివి సమగ్ర శిక్షలో ఉన్నాయి. జాబితాలో మీ పిల్ల పేరు ఉందో లేదో ఏటా సహిత విద్య వాళ్లను అడగాలి. ఉపకరణాలు ఇచ్చే గుర్తింపు శిబిరాలు కూడా వాళ్లే పెడతారు. కొలతలు మారిపోయిన పాత కాలిపర్ (కాలికి ఆసరాగా తొడిగే పరికరం) తొడిగి పంపితే పుండ్లు పడతాయి, కాబట్టి ప్రతి శిబిరానికీ తీసుకెళ్లండి.

ఎనిమిది, తొమ్మిది తరగతుల్లోనే పదో తరగతి పరీక్ష గురించి మాట్లాడడం మొదలెట్టాలి. అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో మూడో భాష మినహాయింపు, ఇవన్నీ దివ్యాంగుల చట్టంలో ఉన్నవే. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం గంటకు కనీసం ఇరవై నిమిషాల అదనపు సమయం, అంటే మూడు గంటల పరీక్షకు గంట. కానీ ఇవి అడిగితేనే వస్తాయి, అదీ నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితా) పంపే సమయానికి సదరం కాగితంతో సహా. ఆ తేదీ దాటాక హాల్ టికెట్ పట్టుకుని డీఈఓ ఆఫీసు చుట్టూ తిరగడం దండగ. రాసిపెట్టే మనిషి పరీక్ష రాసేవాడి కంటే కింది తరగతి వాడై ఉండాలి, మామూలుగా తొమ్మిదో తరగతి పిల్లలను పెడతారు. మీ అబ్బాయి మాట వాళ్లకు అర్థం కావాలి కాబట్టి, ఆ పిల్లాడు ఎవరో ముందే తెలుసుకుని, దసరా తర్వాత నుంచి వారానికోసారి ఇద్దరినీ కూర్చోబెట్టి పాత ప్రశ్నపత్రాలు రాయించండి.